పురనిర్మాణ దక్షుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య

మహానగరమున నివసించువారికి ప్రాతఃకాలమున కుళాయి త్రిప్పగనే నీరు వచ్చుటయు, వాడిన నీరు కంటికి కానరాక భూగర్భమున సాగిపోవుటయు సూర్యోదయమువలె సహజములుగ తోచును. నీరు ఒక్కపూట రాకున్నను, ఒక్క వానకు వీధి మడుగైనను మరామత్తు శాఖ అప్పుడు జ్ఞప్తికి వచ్చును. దేవాలయము కట్టించినవాని పేరు శిలాశాసనమున నిలుచును. చెరువు త్రవ్వించినవాని కీర్తిని పల్లెప్రజలు తరతరములు చెప్పుకొందురు. పట్టణపు మురుగు కాలువకు గమనపు వాలు నిర్ణయించినవాని పేరు మాత్రము ఎచ్చటను చెక్కబడదు. అది యశస్సునకు దూరమైన పని, ఎన్నడును పూర్తికాని పని. నగరము పెరిగినకొలది ఆ పనియు పెరుగుచునే యుండును. అట్టి పనులలో ఆయుర్దాయమున అధికభాగము వెచ్చించి, భారతరత్న బిరుదమును పొందిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

ఆయనను కన్నడ దేశము తన బిడ్డగా గౌరవించుట న్యాయమే. ఆయన పుట్టినది, దివానుగిరి నెరపినది, తనువు చాలించినది ఆ దేశముననే. అయినను ఆయన ఇంటిపేరు తెలుగునేలలోని ఒక చిన్న గ్రామము పేరు. నల్లమల కొండల అంచున, గిద్దలూరు ప్రాంతమున మోక్షగుండమను ఊరు కలదు. ఆయన పూర్వులు ములకనాటి తెలుగు బ్రాహ్మణులు. వారు ఆ ఊరు విడిచి మైసూరు సీమకు వలసపోయి స్థిరపడిరి. బ్రతుకుతెరువునకై స్వస్థలము విడిచి రాజధానికి చేరిన తెలుగు కుటుంబములకు ఈ వృత్తాంతము కొత్తది కాదు. ఊరు వదలినను ఊరిపేరును వదలకుండుట మనవారికి అనాదిగా ఉన్న అలవాటు.

చిక్కబళ్ళాపురము చెంత ముద్దేనహళ్ళి గ్రామమున 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మగారు. ఆ ఇంట విద్యకు కొదువ లేదు గాని ధనమునకు కొదువ ఉండెను. బాల్యముననే తండ్రి గతించెను. ప్రాథమిక విద్య చిక్కబళ్ళాపురమున ముగించి, మేనమామ అండతో ఆ బాలుడు బెంగుళూరు చేరెను. సెంట్రల్ కళాశాలలో చదువుచు, ఒక కొడగు కుటుంబమున పిల్లలకు పాఠములు చెప్పి తన భోజన వసతులకు దారి చేసికొనెను. వారములిచ్చిన ఇండ్లలో భుజించి, వీధిదీపముల క్రింద చదివి పైకి వచ్చిన ఆనాటి ఎందరో యువకుల కథకు ఇది సోదరకథ. పట్టభద్రుడైన పిమ్మట దివాను రంగాచార్యులుగారి ప్రాపున మైసూరు ప్రభుత్వ విద్యార్థి వేతనము లభించెను. దాని సాయమున పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, 1883లో ప్రథమస్థానమున ఉత్తీర్ణులైరి.

1884లో బొంబాయి ప్రభుత్వ మరామత్తు శాఖయందు అసిస్టెంటు ఇంజనీరుగా ఆయన ఉద్యోగము ఆరంభమయ్యెను. నాసికము, ఖాందేశ్ జిల్లాలు తొలి కార్యక్షేత్రములు. ఖాందేశ్‌లో ఒక వాగునకు అడ్డముగా, దాని గర్భమునుండి పైపులద్వారా కాలువనీటిని ఆవలి గట్టునకు చేర్చు పని ఆయనకు అప్పగింపబడెను. వానకాలపు వరదలు, మేట వేయు ఇసుక ఆ పనికి ప్రతిబంధకములు. ఉద్యోగమున చేరి ఎన్నాళ్ళో కాని యువకుడు ఆ చిక్కులన్నిటిని దాటి పని నెరవేర్చెను. నీటిని బలిమితో గెలువజాలమనియు, దాని స్వభావమెరిగి దారి చూపినచో అది తానై నడచుననియు ఆ తొలి పనియందే ఆయన నేర్చిన పాఠముగా తోచును. తరువాతి పనులన్నియు ఈ ఒక్క సూత్రమునకు వ్యాఖ్యానములు.

ఆ సూత్రమునకు చక్కని ఉదాహరణము సింధుదేశములోని సుక్కూరు పట్టణపు మంచినీటి పథకము. పట్టణము మహానదియైన సింధువు ఒడ్డుననే ఉన్నది. అయినను ప్రజలకు త్రాగునీటికి కటకటయే, ఏలయన నదినీరు బురదతో నిండియుండెడిది. నీటిని తోడి పెద్ద తొట్లలో పోసి, ఇసుకపొరలలో వడగట్టుట ఎల్లరు నెరిగిన పద్ధతి. కాని అంతటి వ్యయమును భరించు శక్తి ఆ మునిసిపాలిటీకి లేదు. విశ్వేశ్వరయ్యగారు నదీగర్భముననే బావిని దింపించిరి. నదిలోని ఇసుకయే వడపోత సాధనమయ్యెను. దాని గుండా ఊరి బావిలో చేరిన నిర్మలజలమును యంత్రములతో గుట్టపైకెక్కించి, అచ్చటినుండి పట్టణమునకు పంపిరి. 1895 నాటికి ఆ పథకము పూర్తి అయ్యెను. మన పల్లెలలో ఎండకాలమున స్త్రీలు ఏటి ఇసుకలో చెలమ తీసి నీరు ముంచుకొనుట ఎవ్వరు చూడలేదు? అనాది అనుభవమునకు గణితము తోడై శాస్త్రమగుటకు సుక్కూరు నిదర్శనము.

పిదప సూరతు నగరపు నీటి పనులు, పూనా ప్రాంతపు సాగునీటి పనులు ఆయన చేతికి వచ్చినవి. పూనా నగరమునకు నీరందించు ఖడక్‌వాస్లా జలాశయమున ఒక చిక్కు ఉండెను. ప్రతి వర్షఋతువునను మిగులు నీరు అలుగుమీదుగా వ్యర్థముగ పోవుచుండెను. వేసవి వచ్చునప్పటికి నీరు చాలకుండెను. కట్టను ఎత్తు చేసినచో దాని బలమునకు ముప్పు. అలుగుపై మామూలు తలుపులు బిగించినచో వరద వచ్చిన అర్ధరాత్రమున వానిని ఎత్తువాడెవ్వడు? ఈ ప్రశ్నకు సమాధానముగా ఆయన తమంతట తామే తెరచుకొని, తమంతట తామే మూసికొను తలుపులను కల్పించిరి. నీరు నిర్ణీతమైన మట్టము మించగనే ఆ నీటి బరువే తలుపును ఎత్తును. మట్టము తగ్గగనే తలుపు దిగివచ్చును. దీనివలన కట్టను ముట్టకయే 8 అడుగుల నీరు అధికముగ నిలువ చేయుటకు వీలు కలిగెను. 1903లో అచ్చట నెలకొల్పబడిన ఈ తలుపులకు ఆయన పేర హక్కు నమోదైనను, ప్రభుత్వ సేవలో ఉండగా చేసిన కల్పనకు ప్రతిఫలము స్వీకరింపలేదని ప్రతీతి.

నీరు నిలువ చేయుట ఒక ఎత్తు, పంచుట మరియొక ఎత్తు. కాలువ మొదటనున్న రైతు అవసరమునకు మించి పారించుకొనును, చివరనున్న రైతు ఆకాశమువంక చూచును. ఈ కలహము కాలువ పుట్టిననాడే పుట్టినది. 1899 ప్రాంతమున దక్కనులోని నీరా కాలువక్రింద ఆయన ఖండములవారీ సాగుపద్ధతిని ప్రతిపాదించిరి. భూములను ఖండములుగ విభజించి, వంతులవారీగ పైర్లు మార్చుచు నీరిచ్చినచో ఉన్న నీరే ఎక్కువ మందికి అందునని దాని సారము. మొదట రైతులు శంకించిరి. ఆయన గ్రామములకు పోయి, వారితో మాటలాడి ఒప్పించిరి. కాగితముపై గీసిన గీత నేలపై నిలువవలెనన్నచో ఆ నేల దున్నువాని సమ్మతి ఉండవలెనని ఆయన ఎరుగుదురు.

20వ శతాబ్ది తొలి సంవత్సరములలో ఆయన బొంబాయి రాష్ట్రమునకు శానిటరీ ఇంజనీరుగా నుండిరి. మంచినీరు, మురుగునీరు అను ఈ రెండింటిని వేర్వేరు పద్దులుగ చూచుట అలవాటైన కాలమది. మంచినీరిచ్చి మురుగునీటికి త్రోవ చూపనిచో పట్టణమునకు మేలుకన్న కీడే ఎక్కువ. వచ్చిన నీరంతయు వాడుక తీరి పల్లములందు నిలిచి, దోమలకు, వ్యాధులకు ఆలవాలమగును. అందుచేత ఆయన ఏ పట్టణమునకు సలహా యిచ్చినను రెంటిని జంటగనే పరిశీలించిరి. 1906లో ఎర్రసముద్రపు ముఖద్వారమున నున్న ఏడెను పట్టణమునకు ఆయనను పంపిరి. వాన లేని ఎడారిపట్టణమది. సముద్రపు నీటిని కాచి వడియగట్టి త్రాగుట అచ్చట వాడుక. ఉత్తరముననున్న మెట్టప్రదేశముల వాననీరు ఇసుకలో ఇంకి లహేజ్ ప్రాంతపు ఏటిగర్భమున దాగియున్నదని కనుగొని, అచ్చట బావులు త్రవ్వి నీటిని పట్టణమునకు తరలింపవచ్చునని ఆయన సూచించిరి. అదే సంవత్సరము కైసరెహింద్ పతకము ఆయనకు లభించెను.

ఇంతటి ప్రజ్ఞావంతునకు బొంబాయిలో ప్రధాన ఇంజనీరు పదవి దక్కవలసినది. కాని ఆ కాలమున ఆ పీఠము ఆంగ్లేయులకు నిర్దిష్టమైనట్లే యుండెను. తనకన్న ముందు చేరిన పలువురిని దాటి ఆయన అప్పటికే పైకి వచ్చియుండిరి. ఆపై మెట్టు భారతీయునకు అందదని తెలిసికొనిన పిమ్మట ఆయన అర్జీలు పెట్టుకొనలేదు, అలిగి కూర్చుండలేదు. 1908లో సేవనుండి విరమించుకొనుటకు నిశ్చయించిరి. పూర్తి పింఛనునకు వలసిన కాలము నిండకున్నను, చేసిన సేవను గుర్తించి ప్రభుత్వము ప్రత్యేకముగ పింఛను మంజూరు చేసెను. ఉద్యోగమే జీవితమని తలచువారికి అది అంత్యముగ కన్పట్టును. ఆయనకు అది ఆరంభము. పట్టణముల నిర్మాణరీతులు స్వయముగ చూచుటకై విదేశయాత్రకు బయలుదేరిరి. 1898లోనే జపాను దేశమును చూచివచ్చిన ఆయనకు లోకమంతయు పాఠశాల.

ఆయన ఐరోపాలో సంచరించుచుండగా హైదరాబాదు నగరముపై ఘోరవిపత్తు విరుచుకొనిపడెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివైచెను. శంషాబాదు మున్నగు ఎగువ ప్రాంతములలో కుంభవృష్టి కురిసెను. సుమారు 15,000 మంది ప్రాణములు కోల్పోయిరని చరిత్రకారులు చెప్పుదురు. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకొనిపోయినవి. నదియొడ్డున నున్న వీధులకు వీధులే ఆనవాలు లేకుండ పోయినవి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ప్రాంగణములోని చింతచెట్టు కొమ్మలనెక్కి సుమారు 150 మంది బ్రతికిరి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఆ రాత్రికి సాక్షిగా నిలిచినది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము ఇట్టి ఉపద్రవము మరల రాకుండ చూడగల దక్షునికై వెదకి, విశ్వేశ్వరయ్యగారికి వర్తమానమంపెను. యాత్ర ముగించుకొని, 1909 ఏప్రిలులో ఆయన హైదరాబాదు చేరిరి.

కట్టలు కట్టుము, గోడలు లేపుము అని సలహా చెప్పుట సులభమే. ఆయన అట్లు తొందరపడలేదు. ముందుగ వరద ఎట్లు వచ్చినదో తెలియవలెను. ఎన్ని అంగుళముల వాన ఎన్ని గంటలలో పడెనో, ఆ నీరు ఏ వాగునుండి ఏ వేళకు నగరము చేరెనో లెక్క తేల్చవలెను. సంస్థానమున వర్షమాపక కేంద్రములు స్వల్పము. కావున పొరుగు రాష్ట్రములనుండి సైతము వర్షపు లెక్కలు తెప్పించి పోల్చిరి. నదికి ఇరువైపుల గోడలపై మిగిలిన నీటి జాడలను కొలిపించిరి. నగరమునకు ఎగువన మూసీ, దాని ఉపనది ఈసీ పారు ప్రదేశమునంతయు సర్వే చేయించిరి.

ఆ పరిశీలనలో వెల్లడియైన ఒక విషయము ఈనాటికిని ఆలోచింపదగినది. మూసీ పరీవాహ ప్రదేశమున 788 చెరువులు ఉండెను. ఇంచుమించు చదరపు మైలునకు ఒక చెరువు. తెలుగుదేశపు రాజులు, రెడ్లు, దేశముఖులు, గ్రామపెద్దలు తరతరములుగ కట్టించిన గొలుసుకట్టు చెరువులవి. ఒకదాని అలుగు నీరు మరియొకదానికి చేరును. అదే వాని సొగసు, అదే వాని అపాయము. పై చెరువు తెగినచో ఆ నీరంతయు క్రింది చెరువుపై పడును, అదియు తెగును. ఆ రెండునాళ్ళలో 221 చెరువులకు గండ్లు పడినవి. ఆకాశమునుండి పడిన వానకు తోడు, తెగిన చెరువులలో నిలిచియున్న నీరుకూడ నగరముపై దుమికెను. ఎగువనున్న పల్లెలో ఒక కట్టను చూచుకొనకపోవుట దిగువనున్న నగరములో ఒక వీధికి ప్రాణాంతకమయ్యెను.

అదే సంవత్సరము అక్టోబరులో ఆయన నివేదిక సమర్పించిరి. నగరమునందు నదికి గోడలు కట్టినంతమాత్రమున చాలదు. వరదను నగరము చేరకముందే పట్టి నిలుపవలెను. అందుకై ఎగువన మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి, రెండు జలాశయములు నిర్మింపవలెను. పెద్ద వరద వచ్చినపుడు ఆ జలాశయములు నీటిని తమలో నిలుపుకొని, నది భరింపగల మేరకు మెల్లమెల్లగ విడువవలెను. నగరమున నదీతీరములను ఎత్తు చేసి, అచ్చట ఉద్యానములును బాటలును ఏర్పరుపవలెను. అనగా నది ఒడ్డు ఇరుకు ఇండ్లకు కాక, ప్రజల విహారమునకు ఉపయోగపడవలెను. ఇది ఆ నివేదిక సారాంశము.

ఈ ఏర్పాటునందు ఒక సున్నితమైన విషయము కలదు. త్రాగునీటికై కట్టిన జలాశయము నిండియున్నప్పుడు మేలు. వరదనుండి కాపాడుటకై కట్టిన జలాశయము ఖాళీగ నున్నప్పుడు మేలు. ఒకే జలాశయము ఈ రెండు ధర్మములను నెరవేర్పవలెనన్నచో నీటిమట్టమును ప్రతిదినము కనిపెట్టి చూచు జాగరూకత వలయును. కనుకనే రాతితో కట్టినంతమాత్రమున పని ముగియదు. దానిని నడపు ఉద్యోగి మెలకువగ నున్నంతకాలమే ఆనకట్ట ఆనకట్టగ నుండును. కట్టుట కొన్ని సంవత్సరముల పని, కాచుకొనుట ఎల్లకాలపు పని.

మహబూబ్ అలీఖాన్ 1911లో గతించిన పిమ్మట ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ కాలమున ఆ పథకము కార్యరూపము దాల్చెను. నగరాభివృద్ధికై ఒక ప్రత్యేకమైన బోర్డు ఏర్పడెను. మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తి అయినవి. వరదను తగ్గించుటకు పుట్టిన జలాశయములు నగరమునకు త్రాగునీటి భాండములుకూడ నైనవి. పథకమును సూచించిన విశ్వేశ్వరయ్యగారు నిర్మాణకాలమున అచ్చట లేరు. ఇతర ఇంజనీర్లు, ఓవర్సీర్లు, వేలకొలది వడ్డెరలు, కూలీలు ఆ కట్టలను లేపిరి. ఒకని ఊహ పదిమంది చేతులలో పడి పూర్తియగుటయే ప్రభుత్వపు పనికి ఉండు గౌరవము.

నగరపు భూగర్భ మురుగు కాలువల విషయమై 1922లో హైదరాబాదు ప్రభుత్వము ఆయనను మరల ఆహ్వానించెను. అప్పటికి ఆయన మైసూరు దివానుగ నుండి విరమించిన మహాపురుషుడు, సర్ బిరుదాంకితుడు. అట్టివారు మురుగు పైపుల వాలు చూచుటకు వచ్చుట చిన్నతనమని తలచలేదు. పాత నగరమున ఇరుకు సందులు, దిగుడుబావులు, రాతినేలలు. వాని క్రింద పైపులు పరచుట క్రొత్త నగరము నిర్మించుటకన్న కష్టతరము. ప్రజల వాకిళ్ళు త్రవ్వవలసివచ్చును, వారి విసుగును ఓర్వవలసివచ్చును. పూర్తియైన పిమ్మట ఆ పని మట్టిక్రింద పూడిపోవును, మెచ్చుకొనువాడు ఉండడు. మరామత్తు శాఖవారి భాగ్యమంతయు ఇట్టిదే. తప్పు జరిగినప్పుడు వారు కనబడుదురు, ఒప్పు జరిగినప్పుడు కానరారు.

మైసూరులో ఆయన చేసిన మహాకార్యములు లోకప్రసిద్ధములు. 1909లో ప్రధాన ఇంజనీరుగ చేరి, 1912 మొదలు 1918 వరకు దివానుగ నుండిరి. కావేరిపై కృష్ణరాజసాగరము నిర్మాణము 1911లో ఆరంభమయ్యెను. సిమెంటు దొరకుట దుర్లభమైన ఆ దినములలో ఇటుకపొడిని సున్నముతో కలిపిన గచ్చుతో 124 అడుగుల నీటిమట్టమునకు తగిన కట్టను లేపిరి. ఖడక్‌వాస్లాలో పుట్టిన స్వయంచాలిత ద్వారములు అచ్చట పెద్ద ఎత్తున వెలసినవి. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయము ఆయన పాలనలోనివే. దివాను పదవి స్వీకరింపకముందు బంధువులను పిలిచి, సిఫార్సుల కొరకు తనవద్దకు రారాదని మాట తీసికొనినట్లు చెప్పుదురు. నేటికిని ఉద్యోగుల ఇండ్లలో ఇంతకన్న కష్టమైన మాట మరియొకటి లేదు.

ఆయన జీవితమున అందరును ఏకీభవింపని ఘట్టమును కూడ చెప్పక తప్పదు. ప్రభుత్వోద్యోగములలో వెనుకబడిన వర్గములకు తగిన ప్రాతినిధ్యము కల్పించు విషయమై మైసూరు మహారాజు 1918లో మిల్లర్ సంఘమును నియమించెను. ఉద్యోగము ప్రతిభనుబట్టియే ఇయ్యవలెనని విశ్వేశ్వరయ్యగారి దృఢవిశ్వాసము. అభిప్రాయభేదము తీరనందున ఆయన పదవిని విడనాడిరి. తరములుగ చదువునకు దూరమైనవారికి చేయూత ఇయ్యనిచో ప్రతిభ వెలికి వచ్చుటకే అవకాశముండదను ఎదుటివారి వాదమునందు న్యాయము కలదు. స్వతంత్ర భారత రాజ్యాంగము ఆ న్యాయమును అంగీకరించినది. అయినను తాను నమ్మని విధానమును అమలుజరుపుచు పదవిలో కొనసాగుటకన్న తప్పుకొనుట మేలని తలచినవారి నిజాయితీని శంకింప వీలులేదు.

పదవి పోయినను పని పోలేదు. ఇంక 40 సంవత్సరములకు పైగా ఆయన దేశమునకు సలహాదారుగ నిలిచిరి. కరాచి, బరోడా, ఇండోరు, నాగపూరు మొదలగు పట్టణములు నీటి పథకములకు, మురుగు కాలువలకు ఆయనను పిలిచినవి. 1923 మొదలు 1929 వరకు నష్టములలో కూరుకొనిన భద్రావతి ఇనుప కర్మాగారమునకు అధ్యక్షులై దానిని చక్కదిద్దిరి. అందులకు తనకు రావలసిన పెద్ద మొత్తమును తాను తీసికొనక, బెంగుళూరులో వృత్తివిద్యాలయము నెలకొల్పుటకు ఇచ్చి, దానికి తన పేరు పెట్టవలదనిరి. 1934లో భారతదేశ ఆర్థిక ప్రణాళికను గూర్చి గ్రంథము వెలువరించిరి. స్వతంత్ర భారతమున ప్రణాళికా సంఘము ఏర్పడుటకు అది 16 సంవత్సరములు ముందటి మాట.

ఢిల్లీ వాసులకు విశేషముగ చెప్పవలసిన అంశమొకటి కలదు. 1911 డిసెంబరులో రాజధానిని కలకత్తానుండి ఢిల్లీకి మార్చుచున్నట్లు ప్రకటన వెలువడెను. రాయిసీనా గుట్టపై నూతన నగరనిర్మాణము ఆరంభమై, ప్రపంచయుద్ధమువలన మందగించెను. ఖర్చు మాత్రము పెరుగుచుండెను. నిర్మాణపు ప్రగతిని, వ్యయమును పరిశీలించుటకై 1922లో నియమింపబడిన సంఘమున విశ్వేశ్వరయ్యగారు ఒక సభ్యులు. 1931 ఫిబ్రవరిలో న్యూఢిల్లీ ప్రారంభోత్సవము జరిగెను. నగరపు సౌధములను గూర్చి మాటలాడునప్పుడు లుట్యెన్సు, బేకరుల పేర్లు వినబడును. ఆ సౌధములకు వెచ్చించు ప్రజాధనమునకు లెక్క అడిగినవారిలో తెలుగు వంశీయుడొకడు ఉండెనని ఈ రాజధానిలోని తెలుగువారు ఎరిగియుండుట ఉచితము.

వార్ధక్యము ఆయనను వంచలేకపోయెను. 90 సంవత్సరములు దాటిన పిమ్మట, 1952లో, బీహారులో గంగానదిపై వంతెనకు తగిన చోటు నిర్ణయించు సంఘమునకు అధ్యక్షత వహించిరి. మొకామా వద్ద ఆ వంతెన నిర్మింపబడి 1959లో రాకపోకలకు తెరువబడెను. 1955లో భారతరత్న బిరుదము ఆయనను వరించెను. 1960 సెప్టెంబరు 15వ తేదీన తపాలా శాఖ ఆయన చిత్రముతో స్టాంపును విడుదల చేసెను. అట్టి గౌరవమును జీవించియుండగనే చూచుకొనినవారు అరుదు. 1962 ఏప్రిలులో బెంగుళూరులో ఆ దీర్ఘజీవనము ముగిసెను. ముద్దేనహళ్ళిలో, పుట్టిన మట్టిలోనే ఆయనకు అంత్యక్రియలు జరిగినవి. ఆయన జన్మదినమును 1968 మొదలుకొని దేశమంతట ఇంజనీర్ల దినముగ జరుపుకొనుచున్నారు.

ఆయన నిర్మించిన రక్షణ ఎంతకాలము నిలుచునను ప్రశ్నకు సమాధానము ఆయన చేతిలో లేదు, అనంతర తరముల చేతిలో ఉన్నది. 1996లో ఉస్మాన్‌సాగర, హిమాయత్‌సాగరముల చుట్టును నిర్మాణములను అరికట్టుచు ప్రభుత్వము ఉత్తరువు జారీచేసెను. 2022లో ఆ ఉత్తరువు రద్దయ్యెను. 2020 అక్టోబరులో హైదరాబాదున భారీ వర్షములు కురియగా, కొన్ని చెరువులకు గండ్లు పడి కాలనీలు మునిగినవి, ప్రాణనష్టము జరిగెను. వాననీరు తన పాత దారిని మరువదు. ఆ దారిలో ఇల్లు కట్టుకొనినవాడు మాత్రము దానిని మరచును. 1909 నాటి నివేదికలో గండ్లు పడిన 221 చెరువుల లెక్క చదివినవారికి 2020 నాటి వార్తలు పరిచితములుగనే తోచును. లెక్కలు ఉన్నవి, చదువుట మానినాము.

ఢిల్లీయందు సైతము యమున పొంగుట, వానకు వంతెనల క్రింద బస్సులు మునుగుట, వేసవిలో ట్యాంకరులకై వీధులలో బారులు తీరుట ఏటేట చూచుచున్నాము. 2023 జూలైలో యమున ఢిల్లీలో మునుపెన్నడు నెరుగని మట్టమున ప్రవహించి, ఎఱ్ఱకోట గోడల చెంతకు నీరు వచ్చెను. నగరము మారినను ప్రశ్న మారలేదు. నీరు ఎచ్చటనుండి వచ్చును, ఎచ్చట నిలుచును, ఎచ్చటికి పోవును, దానిని కనిపెట్టుకొని యుండువారెవ్వరు? ఈ నాలుగింటికి సమాధానము లేని పథకము పటమునందు ఎంత అందముగ నున్నను మొదటి పెద్దవానకు నిలువదు.

ఢిల్లీ మెట్రోలో గులాబి మార్గమున ప్రయాణించువారు దక్షిణ ప్రాంగణము దాటగనే మోతీబాగ్ స్టేషను చేరుదురు. మొదటిదానికి రాజమహేంద్రవరమున పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు, రెండవదానికి సర్ విశ్వేశ్వరయ్య పేరు పెట్టబడినవి. ప్రక్కప్రక్కనే ఉన్న రెండు స్టేషనులు తెలుగు మూలముగల ఇద్దరి పేర్లు ధరించుట ఆనందదాయకము. పిల్లలతో ఆ దారిన పోవు తల్లిదండ్రులు ఆ పేరు ఎవరిదో ఒక్కమాట చెప్పినచో బాగుండును. భారతరత్న బిరుదము, దివానుగిరి వారికి పుస్తకములలో దొరకును. నదీగర్భమున బావి త్రవ్వించి ఒక ఊరికి నీరిచ్చిన యువకుని సంగతియు, 221 గండ్లను ఒక్కొక్కటిగ లెక్కించిన నడివయస్కుని సంగతియు, తొంబది దాటిన వయస్సున గంగ ఒడ్డున వంతెనకు చోటు వెదకిన వృద్ధుని సంగతియు ఇంటిలోనే చెప్పవలెను. తన వంతు పనిని లెక్క తప్పక చేయుటకన్న గొప్ప దేశసేవ లేదని వారు అప్పుడు తమంత తామే గ్రహింతురు.